ఎదురుమాట వారి కరెంటు స్తంభం

ఆ ఆదివారానికి ఉమ్మే హబీబా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే స్తంభం పాతించాలి. మధ్యాహ్నం ఒకసారి ఆడి చూసుకోవాలి. పొద్దు వాలగానే నాటకం మొదలుపెట్టి, జనం ఇళ్ళకు వెళ్ళి అన్నాలు తినే వేళకు ముగించాలి. ముఖ్య అతిథి లేడు, జ్యోతి ప్రజ్వలన లేదు, శాలువా లేదు, జ్ఞాపిక లేదు, టికెట్టు అసలే లేదు. ఇన్ని లేనప్పుడు తప్పు జరగడానికి ఏముంటుందిలే అనుకుని ఆమె పొద్దుటి టీ కోపం లేకుండానే తాగింది. చిత్తూరులో ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరైనా ఆ దృశ్యం చూసి ఉంటే భయపడేవాళ్ళు.

హబీబా ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. "ఎదురుమాట నాటక సంఘం" పూర్తిగా ఆమె కోపంలోంచి పుట్టింది. కిందటి ఏడాది తిరుపతిలో ఒక సభ జరిగితే, బడిపిల్లల చేత నాటిక ఆడించడానికి తీసుకెళ్ళింది. పిల్లలు మధ్యాహ్నమే ముఖాలకు రంగు పూసుకుని కూర్చున్నారు. వేదిక మీద ఒకాయన కళలు అంతరించిపోతున్నాయని గంటసేపు బాధపడ్డాడు. ఆయన బాధను ఇంకొకాయన బలపరిచాడు. బలపరిచినాయనకు శాలువా కప్పారు, కప్పినాయనకు మరొకరు కప్పారు. ఆఖరికి హాలు ఖాళీ చేయాల్సిన వేళయిందని, కళలను కాపాడడానికి వచ్చినవాళ్ళే లైట్లు ఆర్పించారు. పిల్లలు ఆడనే లేదు. ముఖం మీద రంగు చెమటకు కారిపోయి, ఆఖరి బస్సులో ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు.

అంతకన్నా ఒళ్ళు మండించిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ హాలులో ఆడవాళ్ళు లేరు. అతిథుల భార్యలు ముందు వరుసలో నగలు సర్దుకుంటూ కూర్చున్నారు, అంతే. బస్సు చిత్తూరు చేరేలోగా సంఘం పేరు, ఆశయం రెండూ ఆమె మనసులో ఖాయమైపోయాయి. పెళ్ళికో ఆసుపత్రికో తప్ప గడప దాటని ఆడవాళ్ళ కోసం, వాళ్ళ వీధి చివరికే వెళ్ళి, పైసా తీసుకోకుండా నాటకం ఆడాలి. అందులో దేవుళ్ళూ రాజులూ ఉండరు, వాళ్ళ పక్కింట్లో ఉండే మనుషులే ఉంటారు. రిజిస్టరు చేయించడానికి వెళితే అక్కడి గుమాస్తా ఇదంతా చదివి, లాభం రాని పనికి ఇంత ఆవేశం ఎందుకమ్మా అని అడిగాడు. ఆమె ఇచ్చిన జవాబు పక్క గదుల్లోకీ వినిపించింది. పని మాత్రం ఆ రోజే అయిపోయింది.

ఆడడానికి చోటు గంగులమ్మ ఇచ్చింది. ఊరి చివర ఆమెకో పాత బెల్లం మండీ ఉంది. వ్యాపారం ఆగిపోయి చాలాకాలమైనా బెల్లం వాసన పోలేదు, చీమలూ పోలేదు. రిహార్సళ్ళలో నటులు మాట మాటకూ కాళ్ళు దులుపుకోవడం అలవాటు చేసుకున్నారు. గంగులమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మండీని మార్బుల్ షాపు వాళ్ళకు ఇచ్చేయాలని ఆమె కొడుకు పట్టుబడుతున్నాడట. మొదటి నాటకానికి మండీ ముందున్న ఆవరణ జనంతో నిండితే, నలుగురికీ పనికొస్తోందని చెప్పి కొడుకు నోరు మూయిస్తానంది. నిండకపోతే మరునాడు తాళం పడుతుందని కూడా చెప్పింది.

అందుకని హబీబా పది దినాలుగా ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు మంచినీళ్ళిచ్చారు, నవ్వారు, చూస్తామన్నారు. వస్తామని ఒక్కరూ అనలేదు. వీళ్ళ కోసం ఇంత చేస్తుంటే వీళ్ళకు పట్టదేమని ఆమె మండిపడింది. గంగులమ్మ కోడలు లోకేశ్వరి అయితే గుమ్మంలో నిలబడి, లోపల ఉన్న మొగుడి వైపొకసారి చూసి, ఆదివారం ఇంట్లో పనుందని చెప్పి తలుపు వేసేసింది. హబీబాకు అది అవమానంగా తోచింది. ఆమె తండ్రి కాశింవలి వీధినాటకాలకు వేషాల బట్టలు కుట్టే దర్జీ. కూతురిని ఎక్కడికి వెళ్తున్నావని ఏనాడూ అడిగిన మనిషి కాదు. గడప దాటడానికి కూడా ఒక కారణం చూపించాల్సిన ఇళ్ళుంటాయని ఆమె పుస్తకాల్లో చదివింది, పాఠం చెప్పింది, నాటకం కూడా రాసింది గానీ, ఆ ఇళ్ళలో ఎప్పుడూ బతకలేదు.

నాటకం ఒక లైన్‌మన్ గురించి. బిల్లు కట్టలేదని పేదవాళ్ళ ఇళ్ళకు కరెంటు తీసేయమని పై అధికారులు నోటీసులిచ్చి పంపుతారు. అతను స్తంభమెక్కుతాడు. పైనుంచి చూస్తే ఒక్కో ఇంట్లో ఏం జరుగుతోందో కనిపిస్తుంది. చివరికి తీగ కోయకుండా నోటీసులు చించి కిందికి విసిరేస్తాడు. దీనికి ముప్పై అడుగుల స్తంభం కావాలి, అంత ఎత్తు ఎక్కగలిగే నటుడూ కావాలి. నటుడు దొరికాడు. ఢిల్లీబాబు పగలు వెల్డింగు చేస్తాడు, ఎండాకాలం రాత్రుళ్ళు వీధినాటకాల్లో అర్జునుడు. స్తంభం బాధ్యత జయరామ్ మీద పడింది. జయరామ్‌కు మందుల షాపుంది. సంఘానికి కార్యదర్శి, ఎవరినీ నొప్పించని మనిషి. లోకంలో సగం గొడవలు ఇలాంటివాళ్ళ వల్లే వస్తాయి.

పొద్దున హబీబా మండీకి చేరేసరికి ఆవరణ నడుమ స్తంభం పాతి ఉంది. అది కరెంటు స్తంభం కాదు, తాటిమాను. ఎక్కడానికి వీలుగా కింది నుంచి కొన దాకా చెక్కమెట్లు కొట్టి ఉన్నాయి. సిమెంటు స్తంభం నిలబెట్టడానికి క్రేను కావాలన్నారనీ, పక్క ఊళ్ళో భారతం అయిపోయి అక్కడి మాను ఊరికే పడి ఉందని తెలిసి తెచ్చేశాననీ జయరామ్ వివరించాడు. దూరం నుంచి చూస్తే ఏదైనా ఒకటేనన్నాడు.

దూరం నుంచి చూసినా ఒకటి కాదు. చిత్తూరు వైపు ఎండాకాలంలో ఊరూరా రోజులకొద్దీ వీధినాటకాలతో భారతం జరుగుతుంది. అర్జునుడు తపస్సుకు వెళ్ళే రోజున మైదానంలో సరిగ్గా ఇలాంటి తాటిమానే నిలబెడతారు. అర్జున వేషగాడు పద్యాలు పాడుతూ మెట్టు మెట్టూ ఎక్కి, కొన నుంచి నిమ్మకాయలు, విభూతి, పూలు కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిచీరలతో మాను చుట్టూ బోర్లా పడుకుంటారు. పైనుంచి పడింది కొంగులోకి దొరికితే కడుపు పండుతుందని నమ్మకం. తపస్సు మాను ఎలా ఉంటుందో ఆ జిల్లాలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. జయరామ్‌కు తెలియదంటే ఎవరు నమ్ముతారు? దేవుళ్ళు లేని నాటకం అని గోడలన్నిటికీ కాగితాలు అంటించిన సంఘం ముందు తపస్సు మాను నిలబెట్టావేమయ్యా అని హబీబా అరిచిన అరుపుకు ఎదురింటి గోడ మీది కాకులు లేచిపోయాయి.

మాను పీకించడానికి కూలీలను పిలిపించేలోగా ఢిల్లీబాబు వచ్చాడు. వచ్చీ రాగానే మానుకు పసుపు రాశాడు, కుంకుమ బొట్లు పెట్టాడు, వేపమండలు కట్టాడు, కర్పూరం వెలిగించాడు. హబీబా అతని చేతిలోని పసుపు గిన్నె లాక్కుంటే నొచ్చుకున్నాడు.

"పసుపు పెట్టకుండా నేను మాను మీద కాలు పెట్టనమ్మా. ఇన్నేండ్లుగా పడకుండా ఉండానంటే దాని వల్లనే. లైన్‌మన్ అయినా పడితే కాళ్ళిరిగేది నాకే గదా."

అంత ఎత్తు ఎక్కే ఇంకో నటుడు సంఘంలో లేడు. మాను పీకే మాట అక్కడితో ఆగింది.

తరువాతి దెబ్బ సొంత ఇంటి నుంచే వచ్చింది. లైన్‌మన్‌కు ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు కుట్టమని తండ్రికి చెప్పింది. కాశింవలి కుట్టాడు. యాభై ఏళ్ళుగా రాజులకూ దేవుళ్ళకూ కుట్టిన చేతులు ఊరుకోలేదు. ఖాకీ చొక్కా భుజాల మీద బంగారు జరీ, చేతుల అంచుకు అద్దాలు, వీపు మీద ఒక చక్రం ఉన్నాయి. ఏ కరెంటు ఆఫీసులో ఇలాంటి చొక్కా ఇస్తారో చెప్పమని కూతురు నిలదీసింది. వెనక వరుసలో కూర్చున్న ముసలామెకు కథానాయకుడు ఎవరో తెలియొద్దా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. జరీ ఊడదీస్తే చొక్కా మిగలదని కూడా చెప్పాడు. ఢిల్లీబాబు దాన్ని తొడుక్కుని మానుకు ఆనుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద పోయే బస్సు నెమ్మదించింది. కిటికీల్లోంచి ఇద్దరు ముగ్గురు దండాలు పెట్టారు.

ఎండ నడినెత్తికి రాకముందే ఆడవాళ్ళు రావడం మొదలైంది. వీధి వీధంతా కదిలినట్టు వచ్చారు. తలల మీంచి బిందెలతో నీళ్ళు పోసుకుని, తడిచీరలతో మాను చుట్టూ చోటు పట్టుకున్నారు. వాళ్ళ వెనకే బొరుగుల బండి, గాజుల బుట్ట, మిరపకాయ బజ్జీల పొయ్యి వచ్చాయి. మగవాళ్ళు తడిచీరల దగ్గరికి రాకూడదు కాబట్టి రోడ్డవతల బజ్జీల బండి చుట్టూ మూగారు. పది దినాలు ఇల్లిల్లూ తిరిగి బతిమాలితే కదలని ఊరు, పసుపు రాసిన మొద్దును చూసి పరుగెత్తుకు వచ్చింది. హబీబా గబగబా వాళ్ళ మధ్యకు వెళ్ళింది.

"ఇది తపస్సు మాను కాదు. అర్జునుడు లేడు, తపస్సు లేదు. ఇది కరెంటు స్తంభం. వాడు లైన్‌మన్."

"సరే మేడమ్," అంది ఒకామె తాపీగా, చాప పరుచుకుంటూ. "ఎన్ని గంటలకు మొదలు పెడతారు?"

ఇంకొకామె మండీ ముందు వేసిన వేదిక కనపడడం లేదనీ, అడ్డంగా ఉన్న బల్ల తీయించమనీ అడిగింది. బోర్లా పడుకోవాల్సిన ఆడవాళ్ళు సగం మంది మోచేతుల మీద లేచి వేదిక వైపు చూస్తున్నారు. కోపంలో లేకపోతే ఆమె ఇది గమనించేదే. కోపంలో ఉంది కాబట్టి మూర్ఖుల ఊరు అని పళ్ళు కొరుక్కుంటూ వెనక్కు వచ్చింది.

అప్పుడే భారతం కమిటీ పెద్ద మునిరామయ్య నలుగురు మనుషులతో దిగాడు. ఊరి భారతం అప్పటికే నడుస్తోంది. ఆ రాత్రి ద్రౌపది పెళ్ళి, పెళ్ళికొడుకు వేషం ఢిల్లీబాబుదే. మునిరామయ్య కోపానికి కారణం దేవుడి పేరు చెడిపోయిందని కాదు, కథ వరుస చెడిపోయిందని.

"ద్రౌపది పెండ్లే కాలేదు టీచరమ్మా. అర్జునుడు అప్పుడే తపస్సుకు ఎట్ల పోతాడు? రాత్రికి పీటల మీద కూసోవాల్సినోడు పొద్దున్నే అడివికి పోతే, రేపు జనం నన్నడుగుతారు. నేనేమి సెప్పేది?"

ఆమె ఇది కరెంటు స్తంభమని మళ్ళీ చెప్పింది. ఆయన మానును, పసుపును, వేపమండలను, జరీ చొక్కాను, తడిచీరలను వరుసగా చూసి, ఆమె ముఖం వంక చూశాడు. నాటకం ఆపించి తీరతానన్నాడు. పెళ్ళి ముహూర్తం వేళకు పెళ్ళికొడుకును భద్రంగా అప్పజెబుతామని జయరామ్ చేతులు పట్టుకుని బతిమాలాడు. అంతటితో ఆగితే బాగుండేది. పెద్దమనిషి చల్లబడతాడని, వేదిక పక్కన కుర్చీ వేయించి, ఎవరికీ చెప్పకుండా బట్టల షాపు నుంచి తెప్పించిన ఎర్రటి శాలువా విప్పాడు. మునిరామయ్య కోపం మరిచిపోయి భుజాలు నిటారుగా పెట్టాడు.

శాలువాను చూడగానే హబీబా కళ్ళ ముందు రంగు కారిన పిల్లల ముఖాలు మెదిలాయి. ఒక్క అంగలో వచ్చి దాన్ని లాక్కుంది. దాన్ని ఏం చేయాలో తెలియక, చేతికి అందిన మాను చుట్టూ చుట్టి బిగించి ముడివేసింది. ఎక్కేవాడికి పట్టుకోవడానికైనా పనికొస్తుందని అరిచింది. జరీ అంచు ఎర్రశాలువా ఎండలో తళతళలాడింది. మానుకు టీచరమ్మే తన చేతులతో పట్టు కట్టిందని రోడ్డవతల మగవాళ్ళు చెప్పుకున్నారు. అనుమానం ఉన్న ఒకరిద్దరు కూడా ఇళ్ళకు వెళ్ళి తమ ఆడవాళ్ళను తీసుకొచ్చి దింపారు.

పొద్దు వాలేసరికి ఆవరణలో కాలు పెట్టడానికి చోటు లేదు. అందరికన్నా చివర గంగులమ్మ వచ్చింది. పక్కన లోకేశ్వరి తడిచీరలో ఉంది. కొడుకు స్కూటరు మీద తెచ్చి దింపి, జాగ్రత్తగా చూసుకోమని చెప్పి రోడ్డవతలికి వెళ్ళిపోయాడు. గంగులమ్మ కోడలిని మాను కింద కూర్చోబెట్టి, తాను మైకు సెట్టు పక్కన చోటు చూసుకుని కూర్చుంది.

హబీబా మండీ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పెళ్ళయి ఐదేళ్ళయినా లోకేశ్వరికి పిల్లలు లేరని ఊరందరికీ తెలుసు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆవరణ నిండినట్టే, మండీ దక్కినట్టే. నిజం చెబితే మనవడి కోసం వచ్చిన గంగులమ్మ ఊరుకోదు, రేపే తాళం పడుతుంది, ఎదురుమాట ఒక్క నాటకమైనా ఆడకుండా ముగిసిపోతుంది. జయరామ్ ఆమె ఆలోచన పసిగట్టి, మనమెవరికీ అబద్ధం చెప్పలేదు మేడమ్, ఈ ఒక్క పూట ఊరకుండండి అని రెండు చేతులూ జోడించాడు. ఆమెకు కన్నీళ్ళు వచ్చేంత కోపం వచ్చింది. బిడ్డ కోసం తడిచీరతో నేల మీద కూర్చున్న మనిషిని మోసం చేసి సంపాదించిన చోట ఏ ఆశయం గురించి మాట్లాడేది? వేదిక ఎక్కి మైకు అందుకుంది.

"అమ్మలారా, అక్కలారా, మీకొక నిజం చెప్పాల. ఈయన అర్జునుడు కాదు..."

మైకు ఆగిపోయింది. రెండుసార్లు తట్టినా పలకలేదు. సరే, బడిలో అరవై మంది పిల్లల మీద అరిచే గొంతు ఉండనే ఉందని ఆమె దాన్ని పక్కన పడేసి, ఇక్కడ పిల్లలు పుట్టరనీ, మీరంతా ఇళ్ళకు వెళ్ళిపోవచ్చనీ మొదలుపెట్టింది. ముందు వరుసల్లోని ఆడవాళ్ళు భయంతో రోడ్డు వైపు చూశారు. ఒకామె పెదాల మీద వేలు పెట్టింది. ఇంకొకామె చేతులు జోడించింది. తపస్సు భంగం చేయొద్దంటున్నారని హబీబా అర్థం చేసుకుంది. ఇక చాలనిపించింది. ఆడుకోండి, ఏమైనా చేసుకోండి అని ఢిల్లీబాబుకు సైగ చేసి, మండీ వెనక్కు వెళ్ళి బెల్లం బస్తాల తూకంరాయి మీద కూర్చుంది.

వెనక కూర్చుంటే కనిపించేది ఏమీ లేదు. వినిపించింది మాత్రం ఆమె ఒంట్లో నిప్పు పెట్టింది. తాను వచనంలో రాసిన ప్రతి మాటనూ ఢిల్లీబాబు మెట్టుకో రాగంలో పాడుతున్నాడు. మీటరు రీడింగు మోహనలో సాగింది, బకాయి వివరాలు కాంభోజిలో. జనం నవ్వులు, నిట్టూర్పులు, మళ్ళీ నవ్వులు. తాను నవ్వు రావాలని రాసిన చోటే నవ్వు వచ్చిందన్న సంగతి ఆమె చెవికి ఎక్కలేదు. ఆ పక్కనే నిలబడిన జయరామ్‌ను తిట్టే పనిలో ఉంది. ఆఖరి ఘట్టంలో మాత్రం ఉండబట్టలేక మూల మీంచి తొంగిచూసింది. లైన్‌మన్ కొన మీద నిలబడి నోటీసులు చించి గాల్లోకి విసిరాడు. కింద వందల కొంగులు ఒక్కసారిగా పరుచుకున్నాయి. కరెంటు కోత నోటీసు ముక్కలు వాటిలోకి మెల్లగా రాలాయి. హబీబా కళ్ళు మూసుకుంది.

నాటకం అయిపోయింది. మునిరామయ్య కళ్ళు తుడుచుకుని, తన బోరుకు కూడా ఇలాగే లైను కోసేశారని పక్కవాడికి చెప్పి, పెళ్ళికొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని తీసుకుపోయాడు. ఆడవాళ్ళు మాత్రం లేవలేదు. ఆ నోటీసుల ముక్కలు కొంగుల్లో మూటకట్టుకుంటూ కూర్చున్నారు. ఇక హబీబా వల్ల కాలేదు. నేరుగా మాను కిందికి వచ్చి, నిలబడి అందరినీ దులిపేసింది. మీ కోసమే ఈ సంఘం పెట్టానంది. మనుషుల కథ చెబుదామని ఇంటింటికీ వచ్చి పిలిస్తే తలుపులు వేసుకున్నారు, మొద్దు కనబడితే చాలు బిందెలెత్తుకుని వచ్చారు, మీకు నాటకం దండగ అంది.

లోకేశ్వరి తడి కొంగు భుజం మీదికి లాక్కుని, రోడ్డవతల మొగుడు ఎటు చూస్తున్నాడో చూసుకుని, మెల్లగా లేచింది.

"మెల్లగా మాట్లాడండి మేడమ్. మాకు తెలుసు. పొద్దున్నుంచీ తెలుసు."

"ఏమి తెలుసు?"

"వాడు లైన్‌మన్ అని. గోడ మీద కాగితం మేమూ చదివినాం. నాటకానికి పోతామంటే ఇంట్లో పంపరు మేడమ్. తపస్సు మాను కాడికి పోతామంటే ఆపే మొగోడు లేడు, బండి మీద తెచ్చి దింపుతాడు. మీరు మైకులో నిజం చెప్తా ఉంటే మా ప్రాణాలు పోయినాయి. పిల్లల సంగతికి వేలూరు డాక్టరు ఉండాడు. దీనికి మందు యాడుండాది?"

హబీబా చుట్టూ చూసింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. వాళ్ళలో నెరిసిన జుట్టువాళ్ళు ఉన్నారు, మనవళ్ళు ఉన్నవాళ్ళు ఉన్నారు, ఇద్దరు పిల్లలను పక్కింట్లో వదిలి వచ్చిన ఆమె కూడా ఉంది. వీళ్ళకు ఇంకా పిల్లలెందుకని తనకు పొద్దుటి నుంచీ తట్టలేదు. ఈ ఊరు మొత్తంలో ఆ మానును చూసి మోసపోయింది రోడ్డవతలి మగవాళ్ళూ, వేదిక మీది తానూ మాత్రమే. కోపం ఎక్కడికీ పోలేదు. కాకపోతే అది పెట్టాల్సిన చోటు మారింది. ఒక నాటకం చూడడానికి బిందెడు నీళ్ళు నెత్తిన పోసుకుని, లేని కోరిక ఉన్నట్టు నటించాల్సిన ఇళ్ళ మీద, ఆ ఇళ్ళకు తాళాలేసే మనుషుల మీద పడింది.

గంగులమ్మ వెనకనుంచి వచ్చింది. ఆమె విన్నదని తెలిసి లోకేశ్వరి ముఖం పాలిపోయింది. మండీ పోయినట్టేనని హబీబా కూడా అనుకుంది. గంగులమ్మ కొంగు చాటు నుంచి మైకు తీగ తీసి హబీబా చేతిలో పెట్టింది.

"నువ్వు సెప్పేది ఆ రోడ్డుకు ఇనపడితే రేపు వీళ్ళందరి గతేమి టీచరమ్మా? అందుకే పెరికేసినా. పొద్దున మాను సూసినప్పుడు వీధి వీధికీ సెప్పి పంపించింది గూడా నేనే."

ఎందుకో కూడా ఆమే చెప్పింది.

"నాకు పెండ్లయిన ఏడాదికే కొడుకు పుట్టినాడు. అయినా ఇరవై ఏండ్లు ఏటా మాను కింద పడుకున్నా. ఇంకో బిడ్డ కావల్లని మా అత్తకు సెప్పేదాన్ని. నాకు కావల్సింది ఆట. ఈ మండీ నాది, సంతకం నాది. నాటకం సూడాలంటే మాత్రం నేను గూడా కోడలికి తోడొచ్చినానని సెప్పాల్సిందే గదా."

లోకేశ్వరి అత్త ముఖం వంక మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. రోడ్డవతల స్కూటరు హారను మోగింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ ముఖాలు భక్తిగా పెట్టుకుని, నోటీసు ముక్కలున్న కొంగులను గుండెలకు అదుముకుని అటు నడిచారు. వాకిలి దగ్గర గంగులమ్మ ఆగి, మండీ ఎన్నాళ్ళైనా వాడుకొమ్మని, నాటకాలు నీ ఇష్టం వచ్చినవి వేసుకొమ్మని, మానును మాత్రం పీకొద్దని చెప్పి వెళ్ళింది.

ఎదురుమాట రెండో నాటకం మొత్తం ఘాట్ రోడ్డు మీద చెడిపోయిన ఒక బస్సులో జరుగుతుంది. బస్సు నడుమ ముప్పై అడుగుల తాటిమాను ఎందుకుందని అడిగినవాళ్ళందరూ మగవాళ్ళే.